చుట్టు కలిసిన కబురు

పదవీ విరమణకు ముందు ఏడాది వేసవిలో, సర్వే విభాగం సీనియర్ మేనేజరుగా నన్ను కృష్ణపట్నం దగ్గరి ఒక థర్మల్ ప్లాంటుకు పంపారు. షట్‌డౌన్‌లో, అంటే బాయిలర్ ఆపి మరమ్మతులు చేసే రోజుల్లో, పైపుల గ్యాలరీని స్కాన్ చేయాలి. ఆ కొలతలతోనే కొత్త పైపులు వేరే ఊళ్లో కోసి తెస్తారు. మాకు దొరికింది షట్‌డౌన్ ఆఖరి రోజు; ఆ సాయంత్రం బాయిలర్ వెలిగించాక లోపలికి ఎవరినీ పోనివ్వరు. కొలత తప్పితే మళ్లీ షట్‌డౌన్ దాకా ఆగాల్సిందే.

మెయింటెనెన్సు పెద్ద రమణారెడ్డి గారికి స్టాండు మీద పెట్టి తీసే పాత పద్ధతి మీదే గురి. దానికి సమయం చాలదని, భుజాన తగిలించుకుని నడుస్తూ తీసే స్కానరుతో పని అవుతుందని ఒప్పించింది నేనే. ఆ మాట తప్పితే మా విభాగానికి ఆ గేటు దగ్గర మళ్లీ మర్యాద ఉండదు.

అందుకే ముందురోజు ఒట్టి చేతులతో గ్యాలరీ అంతా తిరిగాం. ఏ తలుపులు తెరిచి ఉంచాలో, పనివాళ్లను ఎప్పుడు బయటికి పంపాలో అనుకున్నాం. లోపల ఉపగ్రహ సంకేతాలు అందవు. యంత్రం గోడలను, స్తంభాలను చూసుకుంటూ తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. నడిచేకొద్దీ ఆ లెక్కలో తేడా పేరుకుంటుంది. బయలుదేరిన చోటికే తిరిగొస్తే, ఆ చోటు గుర్తుపట్టి తేడాను సర్దుకుంటుంది. చుట్టు కలపడమంటే ఇదే. యంత్రం మోసే మస్తాన్ చాలాకాలంగా నా దగ్గర పనిచేసినవాడే అయినా, "ప్రతి చుట్టూ మొదటికి రావాలి" అని చెప్పిందే చెప్పాను.

లోపలికి ఫోన్లు నిషేధం. గ్యాలరీ తలుపు దగ్గరున్న గార్డు పెంచలయ్య వాకీటాకీలో కబురు చెప్పాలి. మర్నాడు అన్నిటికన్నా పొడవైన ఆఖరి చుట్టు నడుస్తుండగా నేను పై అంతస్తులో రమణారెడ్డి గారి పక్కన కూర్చున్నాను. వాకీటాకీ గరగరలాడింది.

"సార్, మొదటికొచ్చిందంట!"

రమణారెడ్డి గారు దిగ్గున లేచారు. "ఏందయ్యా, నే ముందే చెప్పలా? స్టాండు పెట్టుంటే ఈ తలనొప్పి ఉండేదా?"

ఇంకో చుట్టుకు సమయం లేదు. మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు.

మస్తాన్ గ్యాలరీ మొదట్లో చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ చెడింది మస్తాన్?"

"చెడేదేంది సార్? మీరు రమ్మన్న కాడికే వచ్చినా. చుట్టు కలిసిపోయింది."

స్కానరు తెర చూపించాడు. తేడా మిగిలి ఉంటే ఒకే గోడ రెండుగా కనబడేది; ఒక్కటీ అలా లేదు. హమ్మయ్య! ఇనుప మెట్టు మీదే కూలబడ్డాను.

పెంచలయ్య బిక్కమొహం వేశాడు. "ఆయన 'మొదటికొచ్చినా' అన్నాడు, నేను 'మొదటికొచ్చిందంట' అన్నా. రెండూ ఒకటే గదా సార్?"

"ఒకటెట్టా అవుద్దన్నా? సార్ ప్రాణం తీస్తివి గదా!" అన్నాడు మస్తాన్. నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. వెనకే ఆయాసపడుతూ దిగివచ్చిన రమణారెడ్డి గారు తెర చూసి, అందరికీ టీ చెప్పించారు.

ఆ కొలతలతో కోసిన పైపులు తర్వాత సరిగ్గా అమరాయి. తలుపులూ చుట్లూ అనుకున్నంత శ్రద్ధగా మాటలు కూడా ముందే అనుకోవాలని నాకు తెలిసింది అక్కడే. ఆ తర్వాత నేను వేసిన ప్రతి స్కానింగ్ ప్రణాళికలోనూ మొదటి నిబంధన ఒకటే: కబురు "కలిసింది" అనో "కలవలేదు" అనో రావాలి, మూడో మాట వద్దు.