నైట్ షిఫ్టు వారం బిస్కెట్లు

మా ఆయన రిటైర్మెంటుకు నలభై రోజులుందనగా నాకో పిచ్చి పట్టింది. బొగ్గుబాయి పని ముగించే రోజున తోటివాళ్ళు మనిషికి దండలు వేసి, డప్పులతో క్వార్టర్ దాకా తీసుకొస్తారు. వచ్చినవాళ్ళ నోరు తీపి చేసి పంపాలి. మా కాలనీలో అందరూ దుకాణం నుంచి లడ్డూలు తెప్పిస్తారు. నేను మాత్రం నా చేత్తో చేసిన బిస్కెట్లు, చాక్లెట్లు తలా ఒక పొట్లం కట్టి ఇవ్వాలనుకున్నాను. ముప్పై మంది తక్కువ కాకుండా వస్తారు. నా చిన్న ఓవెన్‌లో ఒక వాయికి ఇరవై బిస్కెట్లకు మించి పట్టవు. అందుకని ముందునుంచే చేసి దాచాలి. చేయడం వచ్చు కదా, దాచడం ఒక విద్యా అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

ఆయన పట్టుదల వేరు. ఏళ్ళ తరబడి ఆయనకు ఒక్క నాగా లేదు. నాగా అంటే డ్యూటీకి పోని రోజు. జ్వరమొచ్చినా గోళీ వేసుకుని పోయిన మనిషి. ఈ చివరి రోజులు కూడా అలాగే గడిస్తే చాలనేవాడు. "ఒక్క నాగా లేకుంట బయటవడ్తనే" అని కూరగాయలమ్మేవాళ్ళకు కూడా చెప్పుకునేవాడు. గోడ క్యాలెండర్ మీద ఏ వారం ఏ షిఫ్టో రాసి, డ్యూటీకి పోయిన ప్రతి రోజుకూ గీత కొట్టేవాడు.

మొదటి వారం చేసిన వాము బిస్కెట్లు వారం తర్వాత తీసి కొరికితే కరకరలాడాయి. ఎగిరి గంతేశాను. రెండో వారం చేసినవి మూడో రోజుకే మెత్తబడి, తడిసిన అట్టముక్కల్లా తయారయ్యాయి. అదే పిండి, అదే నెయ్యి, అదే డబ్బా, అదే నేను. నాకేమీ పాలుపోలేదు. పిండి పాతదేమోనని కొత్తది తెప్పించాను. మూడో వారం మళ్ళీ కరకర. అయితే పిండిదే తప్పన్నమాట అని తేల్చుకున్నాను. నాలుగో వారం కూడా కరకర. ఐదో వారం మొదటి రోజు అదే కొత్త పిండితో చేసినవి మర్నాటికే మెత్తన! నా మతి పోయింది.

చాక్లెట్లది ఇంకో గోల. మొదట వాటిని బిస్కెట్ల డబ్బాలోనే పెడితే వాము వాసన పట్టింది. విడిగా బీరువాలో పెడితే ఎండకు కరిగి ముద్దయ్యాయి. ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే చెమట పట్టి, తర్వాత పైన తెల్లటి పూత వచ్చింది. బూజనుకుని డబ్బా మొత్తం చెత్తలో పోశాను. మేం ఆపా అని పిలిచే పక్క క్వార్టర్ అక్క అది చూసి నెత్తి కొట్టుకుంది.

"అరె, బూజు కాదది! చల్లదనంల కెల్లి ఎండలకు వస్తే గట్లనే తెల్లగైతది. తింటె ఏం గాదు. జర ఆగి నన్నడగద్దా?"

ఆమే ఇంకో ఉపాయం చెప్పింది. "బియ్యం ఎర్రగ ఏంచి, బట్టల మూటగట్టి బిస్కెట్ల డబ్బల వెయ్యి. తేమ గుంజుతది. ఫికర్ చెయ్యకు."

ఆమె చెప్పినప్పటి నుంచీ, అంటే మూడో వారం నుంచీ, ఆ మూట డబ్బాలోనే ఉంది. అయినా ఐదో వారం మోసం చేసింది. ఫోన్‌లో వీడియోలు చూస్తే ఒకామె ఫ్రిజ్‌లో పెట్టమంటుంది, ఇంకొకామె చస్తే పెట్టొద్దంటుంది. ఎవరి మాట వినాలో తెలియక ఓవెన్‌నూ నా తలరాతనూ తిట్టుకున్నాను.

చివరికి క్యాలెండర్ ముందు నిలబడ్డాను. మెత్తబడిన రెండు వారాలూ ఆయనకు నైట్ షిఫ్టే. నైట్ షిఫ్టు వారం ఆయన పగలంతా కూలర్ పెట్టుకుని పడుకుంటాడు. మిగతా వారాల్లో ఆయన డ్యూటీకి పోయాకే నేను ఓవెన్ ముట్టించేదాన్ని. ఒక్కదాన్ని ఉంటే కూలర్ వేయను, దాని మోత నాకు పడదు. నైట్ షిఫ్టు వారం మాత్రం వేడివేడి ట్రే త్వరగా చల్లారుతుందని తీసుకెళ్ళి కూలర్ ముందు పెట్టేదాన్ని. ఎండాకాలం మా ఇళ్ళలో చల్లారాల్సింది ఏదైనా కూలర్ ముందుకే పోతుంది, టీ గ్లాసుతో సహా. ఆ తడి గాలే బిస్కెట్లను తినేస్తోందని నాకు వెలిగింది. వెలిగిందంతా సగమేనని అప్పుడు తెలియలేదు.

"నాలుగు రోజులు పగటిపూట కూలర్ బంద్ వెడ్దమా? బిస్కెట్లు మెత్తవడుతున్నయి" అని అడిగాను.

"పెట్టు తియ్. నాకేంది, పండుకుంటె పీనుగనే. మావోళ్ళకు మెత్తటియి పెడ్తవా ఏంది?" అన్నాడు.

మే నెల ఎండ, రేకుల వరండా, పైన ఫ్యాన్ వేడిగాలి. ఆయన తువ్వాలు తడిపి ఛాతీ మీద వేసుకుని పడుకున్నాడు. సాయంత్రం లేచాక రోజూ అడిగేదాన్ని, నిద్ర పట్టిందా అని. "మస్తు వట్టింది" అనేవాడు. కళ్ళు చూస్తే ఎర్రగా ఉండేవి. మాట నమ్మాలా, కళ్ళు నమ్మాలా అనుకుంటూనే ఇంకో వాయికి పిండి కలిపేదాన్ని. నాకు బిస్కెట్లే కనిపించాయి. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆఖరి రోజు డప్పులతో వచ్చారు. పొట్లాలు విప్పి అందరూ కరకర నమిలి మెచ్చుకుంటుంటే నా ఒళ్ళు ఉప్పొంగింది. ఆయనతో పాటు పనిచేసే ఒకతను నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"వదినా, అన్నకు పానం మంచిగనే ఉన్నదా? పోయినవారం రెండు దినాలు బాయి కాడికి వచ్చి గూడ దిగలే. 'కండ్లు మూతవడుతున్నయ్, కింద నేను తూలితే నా ఒక్కనికే గాదు, మీకు గూడ కష్టం' అని క్యాంటీన్ల కూసున్నడు. ఆఖరికి రెండు నాగాలు వడ్డయ్."

లోపలికెళ్ళి చూశాను. క్యాలెండర్ మీద ఆ వారం ఒక్క రోజూ వదలకుండా గీతలున్నాయి. అందరూ వెళ్ళాక అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"చెప్తె నువ్వు బిస్కెట్లు ఆపుదువు" అన్నాడు. అన్ని పొట్లాలూ సరిపోయాయా అని కూడా అడిగాడు.

నెల తర్వాత మళ్ళీ బిస్కెట్లు చేశాను. ఇప్పుడాయన పగలూ ఇంట్లోనే, కూలర్ ఆగడం లేదు. ఆ రోజు బద్ధకమేసి ట్రేను కూలర్ ముందుకు మోయకుండా వంటింటి గట్టు మీదే వదిలేశాను. చల్లారాక అక్కడే డబ్బాలో పోసి మూత బిగించాను. వారం పోయాక తీసి ఆయన చేతిలో పెడితే కరకరా నమిలాడు. "కూలర్ నడుస్తున్నా గట్టిగనే ఉన్నయే, ఏం జేసినవ్?" అన్నాడు.

పిండి మంచిదని చెప్పాను.