ఊపిరికి మిగిల్చిన సగం

డబ్బా అడుగు కనిపిస్తే మా పెద్దమ్మకు చిరాకు. ఆసుపత్రి వంటశాలలో సరుకుల గది తాళాలు మోసిన మనిషి. బియ్యం నిండుకోకముందే కొత్త బస్తా దింపించేది. ఆ గుణం లేకపోతే మా పెదనాన్న ఇవాళ మంచం మీద కూర్చుని నాతో వాదించేవాడు కాదు.

వాళ్ళ ఇల్లు గుట్ట మీద. కరెంటు తీగ గుట్ట కింద దాకా వచ్చి ఆగిపోయింది. అందుకే పైకప్పు మీద సోలార్ పలకలు, గది మూల బ్యాటరీ. పెదనాన్నకు ఉబ్బసం. ఆయాసం ముంచుకొస్తే మందు ఆవిరి పట్టే మిషను పెట్టి తీరాలి.

మొదటి బ్యాటరీని తెలియక అట్టడుగు దాకా వాడేశారు. కొన్నాళ్ళకే అది ఎంత ఎండ కాసినా లేవకుండా పడకేసింది. రెండోది బిగించేటప్పుడు పెద్దమ్మ పట్టుబట్టి దానికో పెట్టె పెట్టించింది. బ్యాటరీ సగానికి దిగిందో లేదో ఫ్యాను, లైట్లు, టీవీ అన్నీ టప్పున ఆగిపోతాయి. మంచం పక్క సాకెట్ ఒక్కటే ఆగదు. అది మిషను కోసం.

"సగం ఇంటికి, సగం మీ ఊపిరికి" అని తేల్చేసింది.

పెదనాన్నకు సీరియల్ పిచ్చి. కథ రసకందాయంలో పడ్డప్పుడే పెట్టె టప్పుమనేది. "దీనికి నా మీద ఏదో పాత పగ ఉంది" అని తిట్టుకునేవాడు.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు ముసురు పట్టి ఉంది. సూర్యుడు మొహం చాటేశాడు. పెట్టె ఇంటిని ఆపేసింది. నన్ను చూడగానే పెదనాన్న గొంతు తగ్గించాడు.

"మీ పెద్దమ్మకి చెప్పకే. నిన్న పొడుగు వైరేసి ఈ సాకెట్‌కి టీవీ తగిలించా. ఇవాళ పెడితే ఉలకదు, పలకదు. బ్యాటరీ మొత్తం తాగేశా."

నాకు ఒళ్ళు మండింది. "ఆయాసమొస్తే సీరియల్‌తో ఊపిరి పీలుస్తావా పెదనాన్నా?"

ఆయన తల దించుకున్నాడు. పెద్దమ్మతో చెప్పేద్దామని లేచానో లేదో వెనక ఈల లాంటి చప్పుడు. ఆయన ఛాతీలోంచి. పెదాలు నల్లబడుతున్నాయి. నా కేకకు పెద్దమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ కళ్ళలో భయం కంటే సిగ్గే ఎక్కువ. ఆమె పట్టించుకోలేదు. మందు పోసి, మాస్కు తొడిగి, స్విచ్ నొక్కింది.

మిషను బుర్రుమంది.

అంత హాయైన రొద నేనెప్పుడూ వినలేదు.

ఊపిరి కుదుటపడ్డాక పెదనాన్న మాస్కు తీసి అడిగిన మొదటి మాట: "మరి టీవీ ఎందుకు రాలేదే?"

"నిన్న మీ సీరియల్ ఏడుపులు వంటింట్లోకి వినపడ్డాయి. మీరు నిద్రపోయాక ఆ పొడుగు వైరు ప్లగ్గు విప్పి, లోపల తీగ ఊడదీశా."

"చెప్పొచ్చుగా! పొద్దుట్నుంచి చచ్చి బతుకుతున్నా."

"చెప్తే ఇంకో వైరు తెచ్చేవారు."

కాదనలేక ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఆమె మళ్ళీ మాస్కు తొడిగి, ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.

ఇప్పుడు సీరియల్ మధ్యలో పెట్టె టప్పుమంటే పెదనాన్న తిట్టడు. దిండు మీద వెనక్కి వాలి, "అమ్మయ్య, నా సగం నాకుంది" అంటాడు.