గాలి లేని సముద్రం
గ్రీన్‌లాండ్‌లోని ఉపెర్నావిక్ దీవుల్లో సీల్ వేటగాడు ఎనోక్ కయాక్‌లో, ఒక్కరే పట్టే సన్నటి పడవలో, ఇరవై రోజులైనా ఒంటరిగా దీవి నుంచి దీవికి తిరిగేవాడు. ఆ వేసవి బావమరిది అబియా ఇంకో కయాక్‌లో తోడు వచ్చాడు. ఒక మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. నీళ్ళేవో ఆకాశమేదో తెలియలేదు. పడవలోకి నీళ్ళు వస్తున్నట్టు ఎనోక్ కాళ్ళు చల్లబడ్డాయి, చేతులు కొయ్యబారాయి. అబియా తెడ్డుతో నీళ్ళు చిమ్మి అలలు లేపాకే ఎనోక్ కదలగలిగాడు.

"తుఫానుకు బెదరనోడివి, అల లేని నీళ్ళకు బిగుసుకుపోయావేంటి బావా?" అబియా నవ్వాడు.

"నవ్వకురా. ఇది మూడోసారి. మీ అక్కకు నువ్వే చెప్పు, నాకు నోరు రావట్లేదు."

అబియా నవ్వు ఆగిపోయింది. తన తండ్రి ఇదే భయాన్ని ఊళ్ళో చెప్పుకోలేక, గాలి లేని రోజున వేటకు వెళ్ళి తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఎనోక్ అబియా పక్కన ఉంటేనే వెళ్ళేవాడు. రెండేళ్ళకు కయాక్ అతనికే ఇచ్చేసి, ఒడ్డున వలలు వేసుకున్నాడు.