సెకనుకోసారి చూసే క్రేను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఏదీ లేదనుకునేదాన్ని, ఒక్క డిజిటల్ కంట్రోల్ సిస్టమ్స్ తప్ప. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఆ పేపరు ఒకసారి తప్పాను కూడా. (ఇంట్లో మాత్రం సిలబస్‌లో లేనివి ఇచ్చారని చెప్పాను. అమ్మ నమ్మింది, పాపం.) పోయిన పరువు రాబట్టుకుందామని చివరి ఏడాది ప్రాజెక్టుకి అదే సబ్జెక్టు పట్టుకున్నాను. చెక్క చట్రం మీద చిన్న ట్రాలీ, దాన్ని నడిపే మోటారు, ట్రాలీకి దారంతో వేలాడే ఇత్తడి తాళంకప్ప. తాళం ఊగితే కంప్యూటరు ఆ ఊపు కొలిచి, ట్రాలీని తగినట్టు జరిపి, దాన్ని నిలబెట్టాలి. అంతే!

వైవాకి మూడు రోజుల ముందు మా ప్రాజెక్టు గైడు మేడమ్ ఎదుట నడిపించాను. నిలబడాల్సిన తాళం ఇంకా రెచ్చిపోయింది. ట్రాలీ ఎంత పరిగెడితే అదంత ఊగి, చివరికి మేడమ్ చేతిలో టీ కప్పుని కొట్టింది. ఆవిడ చీర తుడుచుకుంటూ, "దీన్ని అదుపు చేయడం అంటారా అమ్మా, ఉసిగొల్పడం అంటారా?" అన్నారు. మళ్లీ తప్పితే క్యాంపస్ ఇంటర్వ్యూలో చేతికందిన ఉద్యోగం పోతుంది. ఆ చట్రం చంకన పెట్టుకుని ఏడుపు మొహంతో గాజువాకలో చిన్నాన్న ఇంటికి వెళ్లాను. చిన్నాన్న పోర్టులో క్రేను నడుపుతాడు. (ఆయన్ని సలహా అడగాలని కాదు. పిన్ని చేపల పులుసు కోసం.)

"ఓలమ్మీ, ఏటిది, ఉయ్యాలా?" అన్నాడు. సంగతి చెప్పాను.

"తాళాన్ని ఎన్నిసార్లు సూత్తాదిది?"

"సెకనుకోసారి."

చిన్నాన్న పకపకా నవ్వాడు. "అది ఇటున్నప్పుడు సూసి, అటెల్లిపోయాక లాగుతంది. నాను అలా కునికితే ఓడలో దించాల్సిన సరుకు లారీ మీద పడతాది. సూపు తియ్యకూడదమ్మీ. అదెటు ఊగితే దానెనకే కూసింత ఎల్లాల. అప్పుడదే నిలబడతాది." అంటూనే ట్రాలీని చేత్తో జరిపి, రెండే ఊపుల్లో తాళాన్ని ఆపేశాడు. నాకు ఆనందం కంటే ముందు ఒళ్లు మండింది. అయినా సెకనుకి యాభైసార్లు కొలిచేలా ప్రోగ్రాం మార్చాను. తాళం బుద్ధిగా నిలబడింది.

వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన, "ఇన్నిసార్లు ఎందుకు కొలవాలి?" అని అడిగారు. బట్టీపట్టిన సిద్ధాంతమంతా ఆవిరైపోయింది. "సూపు తియ్యకూడదు సార్!" అనేశాను. ఆయన కళ్లజోడు తీసి, "ఎవరు సెప్పారమ్మా?" అన్నారు, అచ్చం మా యాసలోనే!

"మా చిన్నాన్న సార్. పోర్టులో క్రేను ఆపరేటరు."

"మంచి గురువే. ఇప్పుడదే మాట లెక్కల్లో చెప్పు."

బోర్డు మీద రాస్తుంటే, ఆ సమీకరణాలు మొదటిసారి నాకు మనుషుల భాషలా వినిపించాయి. పాసయ్యాను.

బైండు చేయించిన రిపోర్టు చిన్నాన్నకి చూపించాను. ఇంగ్లీషు రాదు కనుక క్రేను బొమ్మ దగ్గర ఆగి, మురిసిపోయి, డ్యూటీలో అందరికీ చూపిస్తానని కవర్లో చుట్టి పట్టుకెళ్లాడు. ఆయన వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. కృతజ్ఞతల పేజీలో ప్రిన్సిపాల్ మొదలు లైబ్రేరియన్ దాకా అందరినీ తలుచుకున్నాను, ఆయన్ని తప్ప.

ఇప్పుడు క్రేన్లకి కంట్రోలు ప్రోగ్రాములు రాయడమే నా ఉద్యోగం. ఏ రిపోర్టు రాసినా కృతజ్ఞతల్లో మొదటి పేరు చిన్నాన్నదే. కొత్తగా చేరినవాళ్లు, ఈయన ఏ యూనివర్సిటీ ప్రొఫెసరని అడుగుతుంటారు. చెప్పేలోపు నాకే నవ్వొచ్చేస్తుంది, ఆనాటి సర్వజ్ఞురాలిని తలుచుకుని.