ఈతలపాలేనికి నేను పెట్టిన స్పెల్లింగు

కోపం తలకెక్కినవాడి చేతికి పెన్ను ఇస్తే ఎంత ఘోరం జరుగుతుందో తెలియాలంటే మా ఊరి బోర్డు చూడండి. ఆ ఘోరం చేసింది నేనే.

చోడవరం దగ్గర ఈతలపాలెం మాది. ఒకప్పుడు ఆ చోటంతా ఈతచెట్లట, అందుకే ఆ పేరు. తెలుగులో ఏ గొడవా లేదు. ఇంగ్లీషులోనే, మా కుమారక్క పదో తరగతి సర్టిఫికెట్లో 'ఐ'తో మొదలై, ఆధార్లో రెండు 'ఈ'లతో మొదలవుతుంది. అక్కకి నర్సు ఉద్యోగం వచ్చింది. "ఈ రెండూ ఒకే ఊరని కాగితం తెండి, సోమవారమే ఆఖరు" అన్నారు ఆసుపత్రివాళ్లు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ కొత్తది, కోపం పుట్టుకతో వచ్చింది. "నువ్వుండక్కా, ఆళ్ల సంగతి నేను సూస్తాను" అని మండలాఫీసుకి ఆటో ఎక్కాను. దారంతా నేను పళ్లు కొరుకుతుంటే పక్కవాళ్లు దూరం జరిగి కూర్చున్నారు.

ఆఫీసులో గుమాస్తా మీద విరుచుకుపడ్డాను.

"మా తాతలు ఈతసెట్లు నరికి కట్టిన ఊరండీ! దాని పేరు రాయడం రాదేటి మీకు?"

"ఎలా రాయాలో సెప్పండి బాబూ."

"సెప్పడమేటి? రాసే ఇస్తాను!"

కాగితం చిరిగేంత గట్టిగా రాశాను. ఆయన అది చూసి, సరైన పేరు ఇదేనని టైపు చేసి ముద్ర కొట్టి ఇచ్చాడు. కోటలు జయించినవాడిలా ఇంటికొచ్చాను.

అక్క చదివింది. మొహం కందగడ్డ అయిపోయింది.

"ఒరే, ఈ, ఏ, టీ అని రాసేవేటిరా? తినమని సెప్తన్నావా?"

"తొందర్లో..."

"రెండు పేర్లూ ఒకటని రాయించుకు రమ్మంటే మూడోది పుట్టించేవు! నా ఉద్యోగం పోయిందా, ఈతబరికె ఇరిగేదాకా కొడతాను!"

అంతలా అరిచిన మనిషి, నన్ను రెక్క పట్టుకుని ఆఫీసుకి లాక్కెళ్లి, గుమాస్తాతో ఎంత మెత్తగా మాట్లాడిందో! మూడూ ఒకే ఊరని పది నిమిషాల్లో కాగితం వచ్చింది. ఉద్యోగం దక్కింది.

"మరి ఆ తప్పు స్పెల్లింగు కొట్టెయ్యండి" అన్నాను నేను.

"ఎలాగ బాబూ? మీలాగ గట్టిగా ఇంతవరకూ ఎవరూ సెప్పలేదు. అదే కరెక్టనుకుని రోడ్డు బోర్డుకి కూడా పంపించేసేను."

ఆ బోర్డు ఇవాళ్టికీ ఉంది. కొత్తగా బస్సు దిగినవాళ్లు హోటలెక్కడని అడుగుతుంటారు. కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎంత కోపమొచ్చినా నేను తెలుగులోనే తప్పులు రాస్తాను.