కోపం తగ్గలేదు, వాంతి తగ్గింది

నోట్ల రద్దు వార్తలతో పేజీలన్నీ నిండిపోతున్న రోజులవి. విజయనగరంలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌ని. సాయంత్రం డ్యూటీ. ఆ మధ్యాహ్నం స్నానం చేస్తూ ఒంటికి సబ్బు రుద్దుకుంటుంటే ఎడమ రొమ్ములో వేళ్ళకు ఏదో అడ్డం తగిలింది. వక్కంత గడ్డ. నొప్పి లేదు. నొక్కితే పక్కకు జారలేదు, ఉన్నచోటే ఉంది. చీర కట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాను గాని, ఆ రోజు ఏ వార్త దిద్దానో, దేనికి ఏ హెడ్డింగ్ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

మర్నాడు మా డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. "మా" అని ఊరికే అనడం లేదు. మాది చీపురుపల్లి వైపు మిషన్ కాలంనాటి బాప్టిస్టు కుటుంబం. పెళ్ళయి విజయనగరం వచ్చాక మేం వెళ్తున్న చర్చిలో ఆయన సంఘ పెద్ద. మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆయనే. జాకెట్టు మీదనుంచే రెండు వేళ్ళతో నొక్కి చూశారు.

"ఫైబ్రోఎడినోమా అమ్మా, మామూలు గడ్డే. ఏం కాదు. విటమిన్ ఇ రాస్తాను, వేసుకో."

"మామోగ్రామ్ తీయించుకోమంటారా?"

"ఎందుకు, లేనిపోని భయం! మీ పేపరు వాళ్ళకి ప్రతిదీ అనుమానమే. ప్రార్థన చేసుకుని హాయిగా నిద్రపో."

నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

క్రిస్మస్ అయ్యాక ఒకసారి, ఈస్టర్‌కు ముందు ఒకసారి మళ్ళీ వెళ్ళాను. గడ్డ పెరిగినట్టుందండీ అన్నాను. "రోజూ తడుముకుంటుంటే పెరిగినట్టే ఉంటుంది" అన్నారు. మామిడిపళ్ళు వచ్చే వేళకు గడ్డ మీద చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడింది. మా ఆయన రైల్వేలో బుకింగ్ క్లర్కు. మాటలు తక్కువ మనిషి. చూసి ఒకటే మాట అన్నారు.

"ఇంక ఎవుర్నీ అడగొద్దు. పద, ఇశాపట్నం ఎల్దాం."

విశాఖపట్నంలో మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే ట్రూ కట్ బయాప్సీ. వారం తర్వాత ఆంకాలజిస్టు రిపోర్టు చూసి చెప్పారు: "ఇన్‌ఫిల్ట్రేటింగ్ డక్టల్ కార్సినోమా. అంటే రొమ్ము క్యాన్సర్. సర్జరీ చేద్దాం, తర్వాత కీమో, రేడియేషన్. పూర్తిగా చేయించుకుంటే మంచి అవకాశమే ఉంది. మధ్యలో మాత్రం ఆపకూడదు." తర్వాత అడిగారు: "గడ్డ ఎప్పటినుంచి ఉంది?"

చెప్పాను. ఆయన రాసుకున్నారు.

"మొదట్లోనే వచ్చుంటే చంకలోని లింఫు గ్రంథులకి, ఈ నోడ్స్‌కి పాకకముందే దొరికేదేమో. కచ్చితంగా చెప్పలేను."

ఆ "ఏమో" నాకు చాలు. ఆ రోజు నుంచి నా కోపానికి ఒక మనిషి, ఒక క్లినిక్, ఒక విటమిన్ చీటీ ఉన్నాయి.

రొమ్ము తీసేశారు. చంకలో నోడ్స్ కూడా తీశారు. అక్కడ స్పర్శ పోయింది. ఎడమ చేతికి ఇక సూది వేయించుకోవద్దని, బీపీ పట్టీ కట్టించుకోవద్దని చెప్పి పంపించారు. కుట్లు మానాక కీమో మొదలైంది. మొదటి నాలుగు విడతల్లో ఎక్కించే మందుల్లో అడ్రియామైసిన్ ఒకటి. పెద్ద సిరంజిలో ఎర్రగా, అచ్చం రోజా శరబత్ రంగులో ఉంటుంది. వార్డులో అందరూ దాన్ని ఎర్ర మందు అనే అంటారు. సిస్టర్ దాన్ని గొట్టంలోకి మెల్లగా నెడుతూ, "మూత్రం కూడా ఎర్రగా వస్తాదమ్మా, బయపడకండి" అంది.

మొదటిసారి ఇంటికొచ్చాక వాంతులు. రెండోసారి సిరంజి చూడగానే, మందు ఇంకా ఒంట్లోకి దిగకముందే వాంతి. తర్వాత దానిమ్మ గింజలు చూస్తే వాంతి. పక్కింటి పిల్ల ఎర్ర ఐసు చప్పరిస్తుంటే వాంతి.

అప్పుడొచ్చింది ఆ ఆదివారం. మా చర్చిలో నెలకోసారి ప్రభు భోజనం ఉంటుంది. చిన్న చిన్న గాజు కప్పుల్లో ద్రాక్షరసం పోసి, పళ్ళెంలో పేర్చి, సంఘ పెద్దలు వరసవరసకీ తెస్తారు. మా వరసకు పళ్ళెం పట్టుకొచ్చింది డాక్టరు గారు. నేను ఆయన మొహం కూడా చూడలేదు. చూసింది ఆ కప్పుల్నే. అన్నీ ఎర్రగా, ఒకదాని పక్కన ఒకటి. పమిట నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాను. గుమ్మం దాటకుండానే అయిపోయింది.

చర్చి మొత్తం చూసింది. నా గడ్డను ఆయన కొట్టిపారేసిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు కాబట్టి, అందరికీ ఒకటే అర్థమైంది.

ఆ మధ్యాహ్నం మా వదిన వచ్చింది. మా ఆయనకు అక్క, సండే స్కూల్ టీచరు. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"ఒసే సుగుణా, ఆయన సేతిమీంచి తీసుకోడం ఇష్టం నేకే కదేటి అలా సేసినావు?"

"కాదు వదినా. ఆ రంగు సూస్తే వస్తాది. మందు కూడా అదే రంగు."

"రంగేటి? ద్రాచ్చరసం సూస్తే వాంతేటి? కడుపులో పగ ఎట్టుకుని ప్రెబువు బల్ల దగ్గిరికొస్తే అలాగే అవతాది. మడిసన్నాక తప్పు సేస్తాడు. చమించీయే, నీకే మంచిది."

తప్పు చేసింది ఆయన. కోత పడింది నాకు. వాంతి చేసుకుంటే అది నా పాపం. క్షమించాల్సిన పని కూడా నా మీదే పడింది. ఆయన దగ్గరకు వెళ్ళి "ఆమెను క్షమాపణ అడగండి" అన్నవాళ్ళు ఆ చర్చిలో ఒక్కరు లేరు.

వదినకు అంతలో వాట్సాప్‌లో ట్యాపింగ్ వీడియో వచ్చింది. ముఖం మీద, మెడకింద, చంకకింద కొన్నిచోట్ల వేళ్ళతో తట్టుకుంటూ మన బాధ పైకి చెప్పుకోవాలి. "ఈ బాధ ఉన్నా నన్ను నేను అంగీకరిస్తున్నాను" అనాలి. మొదలుపెట్టే ముందు బాధకు పదికి ఎన్ని మార్కులో చెప్పాలి, తట్టుకున్నాక మళ్ళీ చెప్పాలి. విశాఖపట్నం నుంచి ఒక ట్రైనర్ మేడం వచ్చి కల్యాణమండపంలో ఒకరోజు క్లాసు చెబుతుందంటే, చర్చి ఆడవాళ్ళందరితోపాటు నన్నూ లాక్కెళ్ళింది.

మేడం మంచి చీర కట్టుకుని, మైకు పట్టుకుని, తీయగా మాట్లాడింది. నా తలకు కట్టిన గుడ్డ చూసి ముందుకు పిలిచింది.

"క్యాన్సర్ అంటే ఏంటో తెలుసా మేడం? మింగేసిన కోపం."

"అలాగైతే మా డెస్కులో ఈపాటికి ఒక్కళ్ళం కూడా మిగలకూడదండి" అన్నాను.

కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఎవరి మీద కోపమో మనసులో తలుచుకోమంది. పదికి ఎంత అంది. తొమ్మిది అన్నాను. "నన్ను బాధపెట్టినవారిని క్షమిస్తున్నాను" అంటూ తట్టుకోమంది. తట్టుకున్నాను. ఎడమ చంక కింద గట్టిగా తట్టమని, అక్కడ ఏమనిపిస్తోందని అడిగింది.

"ఏమీ అనిపించదండి. అక్కడ కోసేశారు."

"సరే, ఇప్పుడు ఎంత?"

"తొమ్మిది."

"ఇంకా తొమ్మిదేనా? అంటే తగ్గడం మీకు ఇష్టం లేదన్నమాట."

తిరిగొచ్చి కూర్చున్నాక పక్కనున్న ముసలమ్మ నా చెవిలో గొణిగింది. "నువ్వేటే, అలాగ తొమ్మిది తొమ్మిదంటావు? నేను రెండని సెప్పేసినాను. అవతల బోజనాలు సల్లారిపోతన్నాయి."

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. చివర్లో ఆవిడ మైకులో అన్నమాటకు మాత్రం నాకు నవ్వు రాలేదు. "రోజూ చేస్తే మెల్లగా మందుల అవసరమే ఉండదు." హాల్లో షుగరు వాళ్ళున్నారు, ఫిట్స్ వాళ్ళున్నారు. నేనున్నాను. ఆ మాటను ఎవరూ ఆపలేదు. నేనూ లేచి ఆపలేకపోయాను, ఓపిక లేక.

మూడో కీమోకు వెళ్ళాల్సిన రోజు ఉదయం బ్యాగు సర్దుతుంటేనే వాంతి. నేల మీద కూర్చుండిపోయాను. "నేను రాను" అన్నాను. చావు కంటే ఆ సిరంజి ఎక్కువ భయంగా ఉంది. ఇది రాస్తుంటే సిగ్గుగా లేదు, నిజంగా అలాగే ఉండేది. వదిన గుమ్మంలో నిలబడి, "పోనీరా, బలవంతమెందుకు? టేపింగు సేసుకుంటాది" అంది తమ్ముడితో.

మా ఆయన అక్క మీద గొంతు పెంచడం నేను అంతవరకు వినలేదు. "టేపింగు నీ మోకాళ్ళకి సేసుకో అక్కా. దీనికి మందుండాలి" అన్నారు. నన్ను అడిగారు: "మందు ఎక్కించుకోవద్దులే. డాక్టర్తో ఊరికే మాటాడి వచ్చీదాం. వస్తావా?"

వెళ్ళాం. వాంతుల కవరు చేతిలో పట్టుకునే ఆంకాలజిస్టు ముందు కూర్చున్నాను. చర్చి సంగతి, పగ సంగతి, మింగేసిన కోపం సంగతి అన్నీ చెప్పేశాను. ఆయన విసుక్కోకుండా విన్నారు.

"దీన్ని యాంటిసిపేటరీ వామిటింగ్ అంటాం. చాలామందికి వస్తుంది. ఎరుపు కనబడితే వాంతి వస్తుందని మీ బ్రెయిన్ నేర్చేసుకుంది. అంతే. దానికీ మీరు ఎవరి మీద కోపంగా ఉన్నారన్నదానికీ సంబంధం లేదు. కోపంవల్ల క్యాన్సర్ రాలేదు."

"మరి ట్యాపింగ్?"

"దానితో క్యాన్సర్ తగ్గదు. భయం తగ్గి మీరు ఈ కుర్చీదాకా రాగలిగితే చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఎడమవైపు మాత్రం గట్టిగా తట్టొద్దు."

కీమో వారం వాయిదా వేసి, భయం తగ్గడానికి లోరాజెపామ్ మాత్ర రాశారు. ఎంతోమంది ఎన్నో చెప్పాక, నా జబ్బు గురించి నా మీద నేరం మోపకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయన.

ఆ వారం మా వంటింట్లో సాగింది నా అసలు వైద్యం. మా ఆయన గ్లాసులో రోజా శరబత్ కలిపి బల్ల ఆ చివర పెట్టారు. ఎదురుగా కూర్చుని ఆయన కూడా కనుబొమ మీద తట్టుకోవడం మొదలుపెట్టారు.

"సెప్పు. దీన్ని సూస్తే ఏటనిపిస్తంది?"

"తీసుకెళ్ళి ఆ డాక్టరు మొహం మీద పోయాలనిపిస్తంది."

"అది కోపం. దాన్నలా పక్కనుంచు. వాంతి సంగతి సెప్పు."

అంతవరకు ఆ రెంటినీ ఎవరూ విడదీయలేదు, నేను కూడా. ఆంకాలజిస్టు చెప్పింది తలకెక్కిందే గాని, ఒంటికి తెలిసింది అప్పుడే. మేడం చెప్పిన వాక్యం వదిలేశాను. క్షమించడాలూ అంగీకరించడాలూ లేకుండా నాకు నిజమైన మాటే పెట్టుకున్నాను: "ఎరుపు చూస్తే కడుపులో తిప్పుతోంది. అయినా ఈ మందు నా కోసం. ఎక్కించుకుంటాను." కుడివైపే తట్టుకుంటూ అదే అనుకునేదాన్ని. వాంతి అయితే కడుక్కుని మళ్ళీ కూర్చునేదాన్ని. గ్లాసు రోజూ కాస్త దగ్గరకు జరిగేది. ఒకరోజు మా ఆయన దాన్ని గటగటా తాగేసి, "నీ వైద్యానికి నాకు సుగరొచ్చీలా ఉన్నాది" అన్నారు. ఆపరేషన్ తర్వాత నేను పైకి నవ్వింది అప్పుడే.

మూడో విడతకు సిరంజి చూశాను. కళ్ళు మూసుకుని గడ్డం మీద తట్టుకున్నాను. కడుపులో తిప్పింది గాని వాంతి కాలేదు. ఇంటికొచ్చాక అయింది, అది మందు పని. నాలుగోది కూడా అలాగే గడిచింది. మాత్రవల్లా, తట్టుకోవడంవల్లా, శరబత్‌వల్లా అని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయను. తర్వాత ఎక్కించిన టాక్సాల్ నీళ్ళలా ఉంటుంది. ఒంటినొప్పులు పెట్టింది గాని భయపెట్టలేదు. రేడియేషన్ కూడా పూర్తయింది.

మళ్ళీ ఒక ప్రభు భోజనం ఆదివారం, పళ్ళెం పట్టుకుని డాక్టరు గారే వచ్చారు. కప్పు తీసుకుని తాగాను. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. వంగి మెల్లగా అడిగారు.

"క్షమించావా అమ్మా?"

"లేదండి. ఎరుపు అలవాటైంది."

పళ్ళెం పక్క వరసకు వెళ్ళింది. "నాది పొరపాటమ్మా" అని ఆయన అని ఉంటే నేనేం చేసేదాన్నో చెప్పలేను. ఆ రోజు అనలేదు. ఇప్పటికీ అనలేదు.

ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పే వేళ వదిన లేచింది. "మా మరదలు మనసులో పగ తీసేసుకున్నాది, దేవుడు వాంతులు ఆపేసినాడు" అని సంతోషంగా చెప్పింది. నేనూ లేచాను. "ఆగింది వాంతి. కోపం నా దగ్గరే ఉంది. నాకు గడ్డ ఉందని చెప్తే పరీక్ష చేయించకుండా 'ఏం కాదు' అన్నారు. అందుకు కోపం. ఇంకెవరికీ అలా జరగకూడదు" అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు. అందరి తలలూ ఒకేవైపు తిరిగాయి. వదిన నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది, కూరలూ పంపుతోంది. ఆ విషయం మాత్రం ఎత్తదు.

ఆ రోజు చర్చి ఆవరణలో చెప్పులేసుకుంటుంటే ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాకూ ఉన్నాది గెడ్డ. ఏటీ కాదని ఇటమినే రాసినారు."

ఆ వారమే ఆమెను విశాఖపట్నం తీసుకెళ్ళాను. అల్ట్రాసౌండ్ తీశారు, సూదితో పరీక్ష చేశారు. ఆమెది నిజంగానే ఫైబ్రోఎడినోమా. ఆమె అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ఊళ్ళో కొందరు "చూశావా, డాక్టరు గారు చెప్పిందే నిజమైంది" అన్నారు. నిజమే. కాని ఆయన తెలుసుకుని చెప్పింది కాదది. నాకు చెప్పినమాటే ఆమెకూ చెప్పారు. ఆ ఊహ ఆమె విషయంలో తగిలింది, నా విషయంలో తప్పింది.

ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను, ఏటా మామోగ్రామ్ తీయించుకుంటున్నాను. ఎడమ చెయ్యి సాయంత్రానికి వాస్తుంది, బిగుతు తొడుగు వేసుకుంటాను. పగటి డ్యూటీకి మారాను. స్కానింగ్ గది బయట కూర్చున్నప్పుడు ఇప్పటికీ తట్టుకుంటాను. పక్కవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. నన్ను లోపలిదాకా నడిపించినంతవరకూ అది మంచిదే.

ఇది చదువుతున్న ఆడవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీ గడ్డను చూసి "ఏం కాదు" అని ఎవరైనా అంటే, వాళ్ళు మీకు ఎంత దగ్గరివాళ్ళయినా, ఎంత పెద్దవాళ్ళయినా, "ఏ పరీక్షలో తేలిందండీ?" అని అడగండి. పరీక్ష లేదంటే అక్కడినుంచి లేవండి. మొహమాటపడి మాత్రం నవ్వకండి.