మాట రాని రోజుల్లో నా పేరు పలికిన ప్రార్థన

మా ముత్తాత వెంకటనర్సింహారెడ్డి పటేలు, ఆయన కుమారుడు మా తాత గోపాలరెడ్డి పటేలు, ఆయన కుమారుడు మా నాయన సీతారామరెడ్డి పటేలు. నడిగూడెం వైపు మా ఊళ్లో ఈ ముగ్గురి కాలంలో ఏ అధికారి వచ్చినా మొదట మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగిన తరువాతే ఊళ్లోకి నడిచేవాడు. మా తాత అరుగు మీద నిలబడి ఒక పేరు పిలిస్తే ఆ మనిషి ఎక్కడున్నా చేతిలో పని వదిలి వచ్చేవాడని ఇప్పటికీ ముసలివాళ్లు చెబుతారు. ఆ గొంతు మా నాయనకు రాలేదు, నాకు వచ్చింది. సహోదరులారా, ఇది గొప్ప కోసం చెప్పటం లేదు అని రాయాలనుకున్నాను, కానీ దేవుని యెదుట అబద్ధమెందుకు, కొంత గొప్ప కోసమే చెబుతున్నాను, ఆయన నాలో ఇంకా సరిచేయవలసింది చాలా ఉంది.

ఎనభైల్లో పటేలు, పట్వారీ పదవులు రద్దయ్యాయి. మా నాయన ఆ తరువాత ఎక్కువ కాలం బతకలేదు. నేను నా భార్య సుశీలను, చంటిపిల్లగా ఉన్న మా లతను తీసుకుని సూర్యాపేట వచ్చి టీవీలు, స్టెబిలైజర్లు, టేపురికార్డర్లు అమ్మే ఏజెన్సీ పెట్టాను. కోదాడకు, మిర్యాలగూడకు కూడా నేనే ఏజెంటును. కంపెనీ వాళ్లు హైదరాబాదులో ఒక హోటలుకు పిలిచి ఎలా అమ్మాలో నేర్పారు: నవ్వాలి, లోపలికి వెళ్లి కూర్చోవాలి, ఇచ్చిన చాయ్ తాగాలి, పిల్లల్ని ముద్దు చేయాలి. నేను అన్నీ విన్నాను, ఒక్కటీ చేయలేదు. మా వాళ్లు ఒకరి వాకిట్లో నిలబడి ఏదీ అడిగినవారు కాదు, ఎవరింట పడితే వారింట మంచినీళ్లు తాగినవారూ కాదు. మెకానిక్ లోపలికి వెళ్లి సెట్టు బిగించి, మిద్దె మీద ఇనుప గొట్టానికి యాంటెన్నా కట్టి, బొమ్మ పడేదాకా తిప్పుతుంటే నేను వాకిట్లో నిటారుగా నిలబడి అక్కడి నుండే ఆ యంత్రం గుణగణాలు చెప్పేవాడిని, వీధి మొత్తానికి వినపడేది.

జీపుకు మైకు కట్టి ఊరూరా తిరిగినప్పుడు కూడా చెప్పేవాణ్ణి కిరాయికి పెట్టుకోలేదు, నేనే మాట్లాడాను. ఒకసారి కోదాడ బస్టాండు దగ్గర నేను టీవీ గురించి చెబుతుంటే సోడాలమ్మే ఆయన పక్కవాడితో అన్న మాట నాకు వినపడింది.

"గీ సారు టీవీ కొనుమంటున్నడా, శిస్తు కట్టుమంటున్నడా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం అది మెప్పులాగే తోచింది. ఎందుకంటే జనం విన్నారు, కొన్నారు కూడా.

ఆ రోజుల్లోనే మిర్యాలగూడలో రత్నమ్మ గారని ఒక టీచరు టీవీ కొన్నారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, చర్చి వెనుక సందులో రెండు గదుల ఇల్లు. మా ఊళ్లో అయితే అలాంటి వాడ వైపు మా ఇంటివాళ్లు నడిచేవారు కారు. బొమ్మ పడింది, మెకానిక్ సామాను సర్దుకుంటున్నాడు, నేను గడప బయట నిలబడి ఉన్నాను. ఆమె మీట నొక్కి బొమ్మ ఆపేసి, పిల్లల్ని, పక్కింటివాళ్లను పిలిచి చాప పరిచారు. కొత్త వస్తువు ఏది ఇంట్లోకి వచ్చినా ప్రార్థన చేయకుండా వాడటం వారికి అలవాటు లేదు. నన్ను చూసి పేరు అడిగారు. నేను నా పద్ధతిలో చెప్పాను: రాఘవరెడ్డిని, సీతారామరెడ్డి పటేలు కుమారుణ్ణి, గోపాలరెడ్డి పటేలు మనుమణ్ణి.

"మంచిది రాఘవా. లోపటికొచ్చి గీడ గూసో బిడ్డా."

మా అమ్మ పోయిన తరువాత నన్ను ఎవరూ బిడ్డా అనలేదు. నేను కూర్చోలేదు. వాళ్లందరూ కళ్లు మూసుకున్నారు, నేను మూసుకోలేదు, గోడ మీద బల్లిని చూస్తూ నిలబడ్డాను. ఆ పెట్టె వల్ల పిల్లల చదువు పాడు కాకూడదని, ఇంట్లో గొడవలు రాకూడదని అడిగి, చివర ఆమె ఇలా అన్నారు:

"ప్రభువా, ఈ వస్తువును తెచ్చిన రాఘవను జ్ఞాపకం చేసుకో తండ్రీ. ఎండల పడి తిరుగుతున్నడు. వాకిట్ల నిలబడే మనిషికి కూడ ఒక ఇల్లుంటది, ఆ ఇంటిని దీవించు."

సహోదరులారా, ఈ వ్యాపారంలో మనతో బేరమాడేవారుంటారు, బొమ్మ మసకగా ఉందని తిట్టేవారుంటారు, కానీ అమ్మినవాడి కోసం ఒకరు దేవుణ్ణి అడగటం నేను అంతవరకు వినలేదు! జీపెక్కిన తరువాత నాకు కోపం వచ్చింది, నన్ను దీవించమనటానికి ఈమె ఎవరు అనుకున్నాను. వేములపల్లి దాటేదాకా ఆ కోపాన్ని పట్టుకునే కూర్చున్నాను, ఆ తరువాత అది ఎటు పోయిందో తెలియదు.

మరుసటి ఎండాకాలం నా గొంతు జీరబోయింది. మిరియాలు, పటికబెల్లం, తమలపాకు, అన్నీ చేశాను, మైకులో మాట్లాడటం మాత్రం ఆపలేదు. ఒక ఉదయం నిద్ర లేచి సుశీలను పిలుద్దామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. హైదరాబాదులో గొంతు డాక్టరు అద్దంతో చూసి, లోపల కాయ లాంటిది పెరిగింది, తీసి పరీక్షకు పంపితేగాని అది మంచిదో చెడ్డదో చెప్పలేను, వేసవి వేడి తగ్గాక తీద్దాం, అప్పటిదాకా మాట్లాడవద్దు, గుసగుస కూడా వద్దు అన్నాడు. తీసిన తరువాత గొంతు వస్తుందా అని సుశీల అడిగితే, ఆయన మాట ఇవ్వలేనన్నాడు.

ఇక ఆ కాలం ఎలా గడిచిందో నాకే తెలుసు! షాపులో కుర్చీలో కూర్చుంటే వచ్చినవాళ్లు నాకు చెవుడు కూడా ఉందనుకుని నా మొహం మీద అరిచి మాట్లాడేవారు. ఒకాయన అయితే నా ఎదుటనే సుశీలను అడిగాడు.

"అమ్మా, సేటుకే సౌండ్ లేదు, గీ టీవీకి ఉంటదా?"

సుశీల నవ్వి, "సేటుకు గ్యారంటీ ఖతమైంది, టీవీకి ఇంక ఉన్నది, కూసోండ్రి" అని బేరం చేసి పంపింది. అంతవరకు షాపు గడప తొక్కని మనిషి ఆ ఎండాకాలం షాపంతా నడిపింది. దానికి నాకు బాధ లేదు. నా బాధ వేరు. మా లత వీధిలో ఆడుకుంటుంటే పిలవాలంటే చప్పట్లు కొట్టాలి. నేను కొడితే గోడ మీది కాకి లేచి పోయేది, పాప తిరిగి చూసేది కాదు. నా పిల్లను ఒక్కసారి పేరు పెట్టి పిలవాలని, సుశీలా, నీళ్లు పెట్టు అనాలని, ఏమీ లేకపోతే దారిన పోయేవాడితో ఇవాళ ఎండ గట్టిగా ఉందని అనాలని, అంత చిన్న మాటల కోసం నా ప్రాణం కొట్టుకులాడేది. ఇంకొకటి కూడా కావాలనిపించేది. అది సుశీలకు కూడా రాసి చూపించలేదు. మిర్యాలగూడలో ఆ సందులో ఆమె నా పేరు పలికిన విధంగా ఇంకొకసారి ఎవరైనా పలకగా వినాలని.

ఒకరోజు మధ్యాహ్నం సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కాను. సందు గుర్తుపట్టి ఆ గడప దగ్గర నిలబడ్డాను. రత్నమ్మ గారు బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు, తలెత్తి చూసి నేను సెట్టు చూడటానికి వచ్చాననుకున్నారు.

"టీవీ మంచిగనే నడుస్తుంది రాఘవా, ఏం ఖరాబ్ కాలే."

నేను కదలలేదు. ఏమైంది, మాట్లాడవేమి అని అడిగారు. నేను గొంతు మీద చేయి పెట్టుకున్నాను. దాహమేసిందనుకుని ఆమె లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చారు. సహోదరులారా, నేను ఆ గ్లాసును చూసి మా ముత్తాతను, తాతను, నాయనను తలుచుకున్నాను. అందుకుని, మొత్తం తాగాను. గ్లాసు తిరిగి ఇచ్చినా నేను వెళ్లకపోవటం చూసి ఆమె నా గొంతు వైపు చూసి, మాట పోయిందా అని అడిగారు. నేను చెప్పులు విప్పి, గడప దాటి, కింద కూర్చున్నాను.

"ప్రార్థన చెయ్యమంటవా బిడ్డా?"

తల ఊపాను. ఆమె బియ్యం చేట పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, ఇలా అడిగారు:

"ప్రభువా, ఈ రాఘవ అడుగలేకపోతున్నడు, ఆయన తరఫున నేనడుగుతున్న. మునుపటి గొంతే కావాలని నేను పట్టుబట్టను తండ్రీ. నీకు ఎంత సాలనిపిస్తే అంత ఇయ్యి. గాని ఇయ్యి."

కళ్లు మూసుకుని వింటున్న నాకు లోపల తిరుగుబాటు పుట్టింది. ఎంత చాలనిపిస్తే అంత ఏమిటి, నాకు మునుపటిదే కావాలి, మా తాతదే కావాలి అని నా మనసు అరిచింది. అయినా నా పేరు వినపడుతూనే ఉంది, కళ్ల నుండి నీళ్లు కారుతూనే ఉన్నాయి. లేవాలనిపించలేదు.

వానలు పడ్డాక ఆపరేషను అయింది. తీసిన కాయ చెడ్డది కాదని పరీక్షలో తేలింది, దేవునికే మహిమ! మాట్లాడకూడదన్న రోజులు గడిచాక డాక్టరు నన్ను ఎదుట కూర్చోబెట్టి, మీ పేరు చెప్పండి అన్నాడు. నా పేరు అడిగితే నేను మూడు తరాలు చెప్పేవాడిని. ఊపిరంతా కూడదీసుకుంటే రాఘవ అని వచ్చింది, ఆ వెనుక ఉన్నది రాలేదు. డాక్టరు ఇది చాలు అన్నాడు. సుశీల గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఇంటికి వచ్చి వీధి గుమ్మంలో నిలబడి లతా అన్నాను, అది కేక కాదు, గాలి వంటి మాట, అయినా పాప తిరిగి చూసింది.

ఆ తరువాత కూడా నా గొంతు పెరగలేదు. ఇప్పుడు మా సంఘంలో నేను నిలబడి చెబితే ముందు వరుసవారికే వినపడుతుంది, అందుకే ఇది రాసి పంపుతున్నాను. ఇంత చిన్న గొంతుతో వాకిట్లో నిలబడి అమ్మలేము కదా, లోపలికి పోవలసి వచ్చింది, చాప మీద కూర్చోవలసి వచ్చింది, చాయ్ చల్లారేదాకా దగ్గరగా మాట్లాడవలసి వచ్చింది. కూర్చున్న తరువాత వాళ్లు టీవీ కంటే ముందు వాళ్ల సంగతులు చెప్పేవారు, ఎవరి పిల్లకు జ్వరం, ఎవరి అన్నదమ్ములు మాట్లాడుకోవటం లేదు, నేను వినేవాడిని. తొంభైల్లో మిర్యాలగూడ రైసుమిల్లులకు కంప్యూటర్లు అమ్మటం మొదలుపెట్టినప్పుడు, ఒక మిల్లు యజమాని నా మాట వినపడక చేయి ఎత్తి మిల్లు బందు చేయించాడు. అంత పెద్ద చప్పుడు ఆగిపోయి, పొట్టు దుమ్ములో నా చిన్న గొంతు ఒక్కటే వినపడింది. ఆ రోజు నేను లోలోపల కొంచెం నిటారుగా అయ్యాను, ప్రభువు క్షమించుగాక.

సుశీల, నేను వేములపల్లి దగ్గర సాగర్ ఎడమ కాలువలో బాప్తిస్మం పొందాము. రత్నమ్మ గారు గట్టు మీద నిలబడి పాట ఎత్తుకున్నారు, నేను పెదవులు కదిపాను. మా బంధువుల్లో కొందరు అప్పటి నుండి మా ఇంట భోజనం చేయరు. వాళ్ల కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను.

ఒక్క మాట దాచకుండా చెబుతాను. ఆ పాత గొంతు మీద నాకు ఆశ చావలేదు. ఆరాధనలో అందరూ ఒక్కసారిగా పాట ఎత్తుకున్నప్పుడు నా ఛాతీలో అది లేచి, గొంతు దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. దేవుడు దాన్ని తిరిగి ఇవ్వలేదు. ఆయన చాలనుకున్నంత ఇచ్చాడు, దానితోనే ఆయనను స్తుతిస్తున్నాను. ఈ మాటలు చదివే సహోదరీ, సహోదరుడా, నీకు అడగటానికి నోరు రాకపోతే, సిగ్గు అడ్డొస్తే, పెద్దల పేర్లు అడ్డొస్తే, కనీసం ప్రార్థించే వారి గడప దాకా నడిచి వెళ్లు. నీ పేరు ఎత్తి అడిగేవారిని ఆయన అక్కడ ఉంచాడు. వెళ్లి కూర్చో.

మీ ఊళ్లో మీకింకా ఏమైనా మిగిలి ఉందా అని అడిగేవారున్నారు. చెరువు కింద రెండెకరాల తరి పొలం ఉండేది. ఆపరేషను ఖర్చుల కోసం దాన్ని ముందే అమ్మేశాను. కోదాడ రిజిస్ట్రారు ఆఫీసులో ఇష్టపడే అమ్ముతున్నారా అని అడిగితే, మాట రాదు గనుక, తల ఊపాను.